చింతిస్తున్నాం గారి శైలి

మా బావ ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల విభాగంలో ఉద్యోగి. ఎవరి క్లెయిము ఒప్పుకోవాలి, ఎవరిది కాదనాలి అన్నది పై అంతస్తులో తేలుస్తారు. కాదని తేలినవన్నీ కింది అంతస్తుకు, మా బావ బల్ల మీదికి దిగుతాయి. ఆ కాదన్న మాటను అవతలి మనిషికి అర్థమయ్యీ కానట్టు, కోపం వచ్చినా ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియనట్టు రాసి పంపడం ఆయన పని.

"తమరు సమర్పించిన దరఖాస్తును సానుభూతితో, క్షుణ్ణంగా పరిశీలించిన మీదట, నిబంధనలు అనుమతించనందున అంగీకరించజాలమని తెలియజేయుటకు చింతిస్తున్నాము." ఇల్లు కాలిపోయినవాళ్లకీ ఇదే వాక్యం, కారు గోడకు గుద్దుకున్నవాళ్లకీ ఇదే వాక్యం. ఇల్లు కాలిన సందర్భంలో మాత్రం "చింతిస్తున్నాము"కి ముందు "మిక్కిలి" అని చేర్చేవాడు. అది ఆయన సొంత కల్పన. పై అధికారులు అడిగింది కాదు.

ఆఫీసులో ఆయన్ని అందరూ చింతిస్తున్నాం గారు అని పిలిచేవాళ్లు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనకది బిరుదులా వినపడేది. పగలంతా అంత చింతించిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చి కడుపునిండా తినేవాడు. దిండు మీద తల పెట్టిందే తడవు గుర్రు మొదలు.

ఉద్యోగంలో కుదురుకున్నాక మా బావకు తాను రచయితనని అనుమానం వచ్చింది. రోజంతా రాస్తూనే ఉన్నాను, ఇంకేం కావాలి అని ఆయన లెక్క. అనుమానం బలపడి నమ్మకమైంది. నమ్మకానికి ఒక బల్ల కొన్నారు. ఆ బల్లను పడకగదిలో కిటికీ దగ్గర వేశారు. కిటికీలోంచి చూస్తే పక్క భవనం గోడ, దాని మీద ఒక డ్రైనేజీ పైపు కనపడతాయి. ప్రకృతి దర్శనం రచనకు అవసరమని బావ అనేవాడు. పట్టపగలు కూడా టేబుల్ లైటు వేసుకుని ఆ పైపు వంక చూస్తూ కూర్చునేవాడు.

ఆదివారాలు ఆయన రాసే రోజులు. ఆ పూట మా అక్క మిక్సీ వేయకూడదు, బట్టల మెషీను తిప్పకూడదు, తలుపులు చప్పుడవకూడదు. నేను వాళ్ల పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి సెలవు పూట భోజనానికి అక్కడికే వెళ్లేవాణ్ణి. గుమ్మంలోనే అక్క పెదవుల మీద వేలు పెట్టి, "మీ బావ రాస్తున్నారు" అనేది. లోపల ఎవరికో ఆపరేషన్ జరుగుతున్నట్టు నేను చెప్పులు చేత్తో పట్టుకుని వంటింట్లోకి నడిచేవాణ్ణి.

అలా పుట్టిన రచనలకు దిక్కు చూపించింది ఒక చిన్న వారపత్రిక. టైర్ల కొట్టు మీద ఒక గదిలో దాని ఆఫీసు. అక్కడ అచ్చయ్యే ప్రతి కాగితానికీ కొంచెం రబ్బరు వాసన ఉంటుంది. ఎడిటరుగారికి ప్రతివారం ఒక పేజీ ఖాళీ మిగిలేది. ఊరికే రాసిచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని చూస్తుంటే మా బావ దొరికాడు. శీర్షిక పేరు "అనుదినం, అనుభూతి". రోజువారీ బతుకు, భాష, కళ, వీటి మీద ఆలోచనలు రాయాలని ఒప్పందం.

మొదటి వ్యాసం మౌనం మీద. రెండోది కిటికీ మీద. "వాతాయనము వాస్తవానికి గృహమునకు నేత్రము కాగా, గృహస్థుని అంతరంగమునకు దర్పణమనుటలో విప్రతిపత్తి యుండజాలదు" అని ఉంది అందులో. అక్క ఆ రెండూ చదివింది. చదువుతూ చదువుతూ సోఫాలోనే నిద్రపోయింది. లేచి, "బాగుందండీ" అంది. ఆ రోజు నుంచి చదవకుండానే బాగుందనే అలవాటు చేసుకుంది. కాపురాల్లో ఇలాంటి ఏర్పాట్లు కొన్ని ఉంటాయి.

ఎడిటరుగారికి ఆ సౌకర్యం లేదు. అచ్చు వేసే మనిషి కాబట్టి చదవాల్సి వచ్చేది. ఒకరోజు ఫోన్ చేసి, "మీ వ్యాసం చదివానండీ. నాకు రావాల్సిందేదో రాదని చెప్పినట్టుగా అనిపించింది. కాస్త మనుషులు కనపడేలా రాయగలరేమో చూడండి" అన్నాడు.

మా బావ మనసు గాయపడింది. "మనుషులు కనపడాలంట. కిటికీ గురించి రాస్తే మనుషులెక్కడ కనపడతారు?" అని నన్నడిగాడు.

"అవతల గోడ ఉంది కదా బావా, కష్టమే" అన్నాను.

ఇక మా అక్క సంగతి. మా అక్క ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఫోన్లెత్తడం, వచ్చినవాళ్లను వరసగా కూర్చోబెట్టడం, భయపడేవాళ్లకు ధైర్యం చెప్పడం, భయం లేదని చెప్పుకునేవాళ్లకు మంచినీళ్లివ్వడం. సాయంత్రం ఇంటికొచ్చాక చున్నీ కుర్చీ మీద పడేసి ఆ రోజు జరిగింది చెప్పేది. చెప్పేదంటే, చేసి చూపించేది. గొంతులు మార్చేది, దవడ పట్టుకునేది, మధ్యలో ఆగి కూరలో గరిటె తిప్పి మళ్లీ అందుకునేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. బావ కంచం వంక చూస్తూ తినేవాడు. ఆయన మనసులో అప్పుడు వాతాయనాలు నడుస్తుండేవి.

ఒక సాయంత్రం అక్క చెప్పింది:

"ఇవాళ మొగుడూ పెళ్లాం వచ్చార్రా. పన్ను నొప్పి ఆవిడకి. వర్ణన మాత్రం ఈయనది. 'పొద్దుట్నుంచి పోటండీ, చల్లటిది తాగితే జివ్వుమంటోంది, వేడిది తాగితే గుయ్యిమంటోంది' అని ఈయన చెప్తున్నాడు. ఆవిడేమో దవడ పట్టుకుని ఆయన్నే చూస్తోంది, ఎవరికో వచ్చిన నొప్పి గురించి వింటున్నట్టు. చివరికి డాక్టరుగారు, సరే, ఏ పన్నండీ అనడిగితే, ఈయన తన నోరు తెరిచి చూపించాడు."

ఆ వారం బావకు రాయడానికి ఏమీ దొరకలేదు. పైపు ఎంతసేపు చూసినా పైపులాగే ఉంది. గడువు దగ్గరపడింది. గత్యంతరం లేక అక్క చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు రాసి, పైన "నొప్పి ఎవరిది?" అని పేరు పెట్టి, కింద తన సంతకం చేసి పంపేశాడు.

అది అచ్చయిన వారం ఎడిటరుగారు ఫోన్ చేసినప్పుడు గొంతే మారిపోయింది. టైర్ల కొట్టు ఓనరు మెట్లెక్కి వచ్చి మరీ మెచ్చుకున్నాడట. పాఠకులు ఉత్తరాలు రాశారట. ఆఫీసులో పై అంతస్తువాళ్లు కిందికి దిగివచ్చి చెయ్యి కలిపారు. బావ ఆ చెయ్యి వైపు చాలాసేపు చూసుకున్నాడు.

ఆ తరవాత మా బావ మంచి శ్రోత అయిపోయాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, అక్క చున్నీ కుర్చీ మీద పడేయకముందే, "ఏంటి ఇవాళ క్లినిక్కులో విశేషాలు?" అని అడిగేవాడు. అక్క మొహం వెలిగేది. పాపం, మొగుడికి తన మీద ఆసక్తి కలిగిందనుకుంది. వంటింట్లో నాతో మెల్లగా, "మీ బావ మారార్రా. చెప్పింది మొత్తం వింటున్నారు. మధ్యలో మళ్లీ చెప్పమంటున్నారు కూడా" అంది. మళ్లీ ఎందుకు చెప్పమంటున్నాడో నాకు తెలుసు. చొక్కా జేబులో పెన్ను మూత తీసి ఉండేది. తెలిసీ నేనేమీ అనలేదు, నాకు ఆ శీర్షిక బాగానే నచ్చింది మరి.

పేరు పెరిగింది. "సహజమైన వాడుక భాషకు పట్టం కట్టిన శైలి" అని ఒక పాఠకుడు రాశాడు. బావ ఆ ముక్క కత్తిరించి బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాడు. నాకు శైలి గురించి ఉపన్యాసాలు మొదలయ్యాయి. "శైలి అనేది వెతికితే దొరికేది కాదోయ్, లోపల్నుంచి రావాలి" అనేవాడు. లోపల్నుంచి, అంటే వంటింటి లోపల్నుంచి, అక్క ఎవరితోనో ఫోన్లో మాట్లాడటం వినపడుతుండేది. బావ మాట మధ్యలో ఆపి చెవి అటు పారేసేవాడు.

క్లినిక్కుకి ఒక రిటైరైన హెడ్మాస్టరు వచ్చేవాడు. పైవీ కిందివీ కట్టుడు పళ్లే. ఆయన సంగతి అక్క ఇలా చెప్పింది:

"హెడ్మాస్టరుగారు పళ్లు వదులయ్యాయని వచ్చారు. తినేటప్పుడు జారుతున్నాయాండీ అన్నా. 'తినడానికి కాదమ్మా, తినేటప్పుడు తీసి పక్కన పెడతా. ఇవి తిట్టడానికి' అన్నారు. 'మా తమ్ముడు రోజూ సాయంత్రం వస్తాడు. వాణ్ణి దద్దమ్మా అనాలంటే పళ్లుండాలి. త థ ద ధ న, అన్నీ దంత్యాలే. పళ్లు లేకపోతే దద్దమ్మ కాస్తా అమ్మ అవుతోంది, వాడు నవ్వుతున్నాడు' అన్నారు. మరి మిగతావాళ్లతో ఎలా మాట్లాడతారండీ అనడిగా. 'మిగతావాళ్లతో మాట్లాడ్డానికి చిగుళ్లు చాలమ్మా. ఈ పళ్లు వాడొక్కడి కోసమే' అన్నారు."

అక్కడ అక్క ఇక నవ్వించలేదు. పప్పుగరిటె పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

ఆ వారం శీర్షిక "దద్దమ్మ, అమ్మ". దంత్యాల దాకా అంతా ఉంది. చివరి రెండు మాటలూ లేవు. అదేంటి బావా అంటే, "ముగింపు బలహీనంగా ఉందోయ్. నవ్వు మీద దింపేయాలి. అది కళ" అన్నాడు.

క్లినిక్కులో వచ్చినవాళ్లు చూసుకోవడానికి పాత పత్రికలు ఒక టీపాయి మీద పడేసి ఉంచుతారు. వాటిలో ఈ వారపత్రిక కూడా ఉండేది. డాక్టరమ్మకు టైర్ల కొట్టాయన బంధువు కావడం వల్ల ఉచితంగా వచ్చేది. అయినా ఆ గదిలో ఎవరూ అక్షరాలు చూసే స్థితిలో ఉండరు. కాబట్టి ఇన్నాళ్లూ ఎవరి గుట్టూ బయటపడలేదు.

ఒక ఉదయం హెడ్మాస్టరుగారు వచ్చి, ఆ పత్రిక కాగితంలోనే చుట్టిన పొట్లం ఒకటి అక్క ముందు పెట్టాడు. విప్పితే పళ్లు.

"ఉంచేయమ్మా. ఇక వీటితో పనిలేదు" అన్నాడు. చిగుళ్లతో అన్నాడు కాబట్టి ఆ మాట అక్కకు రెండోసారి చెప్పించుకుంటే గానీ అర్థం కాలేదు. తమ్ముడు ఆ పేజీ చదివాడట. ఊరంతా నవ్వుకోవడానికి నన్ను తిడుతున్నావా అన్నాడట. రావడం మానేశాడట. "తిట్టించుకోవడానికైనా వచ్చేవాడమ్మా" అన్నాడు పెద్దాయన. కుర్చీలో కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

అక్క ఆ కాగితం సాఫీ చేసి చదివింది. ఎన్నాళ్లకో మొగుడి రచన చదివింది. ఈసారి నిద్ర రాలేదు. తన మాటే, తన విరుపే, తను గరిటె తిప్పిన చోట చుక్క కూడా ఉంది. కింద సంతకం మాత్రం ఆయనది. టీపాయి మీద ఉన్న పాతవన్నీ తీసి వరసగా చదువుకుంటూ పోయింది. ఈలోగా డాక్టరమ్మ బయటికొచ్చి ఆ కాగితం చూసింది. ఆవిడ మెత్తటి మనిషి. మెత్తగానే, "ఇక్కడికొచ్చేవాళ్లు మన ముందు నోరు తెరుస్తారమ్మా. ఆ సంగతి బయటికెళ్లకూడదు కదా" అంది. గట్టిగా తిట్టినా బాగుండేదని అక్క తరవాత నాతో అంది.

ఆ సాయంత్రం గొడవవుతుందని నేను ముందే వెళ్లి కూర్చున్నాను. గొడవ కాలేదు. అక్క వచ్చింది. చున్నీ తీసి చక్కగా మడిచి బీరువాలో పెట్టింది. నాకు అప్పుడే భయం వేసింది.

బావ జేబులో పెన్ను సర్దుకుని, "ఏంటి ఇవాళ విశేషాలు?" అన్నాడు.

"సదరు విషయమై తెలుపుటకు ఏమియు లేదని తెలియజేయడమైనది" అంది అక్క.

బావ నవ్వాడు. ఏదో సరదాకి అంటోందనుకున్నాడు. భోజనాల దగ్గర, "కూరలో ఉప్పు తగ్గింది" అన్నాడు.

"తమరి ఫిర్యాదు అందినది. సానుభూతితో పరిశీలించిన మీదట, ఉప్పు డబ్బా తమరి ఎడమచేతి పక్కనే ఉన్నందున ఎట్టి చర్యా అవసరం లేదని తేలినది."

మర్నాడూ ఇదే వరస. కాఫీ అడిగితే విషయం పరిశీలనలో ఉందని వచ్చేది. తువ్వాలు ఎక్కడుందంటే, గతంలో ఇదే అంశంపై ఇచ్చిన సమాధానాన్ని చూసుకోమని వచ్చేది. గట్టిగా మాట్లాడితే "మిక్కిలి చింతిస్తున్నాము" అనేది. కోపంగా అని ఉంటే బావ తట్టుకునేవాడేమో. అక్క మర్యాదగా అనేది. ఆయన ఉత్తరం అందుకున్నవాళ్లకు ఎలా ఉండేదో ఆయనకు మొదటిసారి వడ్డించినట్టయింది, అదీ పూటపూటా.

బావ నా గదికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "మీ అక్కకేమైందోయ్?" అన్నాడు.

"ఏమీ కాలేదు బావా. నీ భాష నేర్చుకుంది."

అప్పుడు హెడ్మాస్టరు సంగతి చెప్పాను. విన్నాడు. ఆ తరవాత రచయిత కాబట్టి, "అయితే ఈ వారం ఏం రాయాలి?" అన్నాడు.

మాటలు బయటెక్కడైనా దొరుకుతాయేమోనని తిరగడం మొదలుపెట్టాడు. బస్సులో ఇద్దరు ఆడవాళ్ల వెనక సీట్లో కూర్చుని ముందుకు వంగి వంగి విన్నాడు. వాళ్లు లేచి వేరే సీటుకు మారిపోయారు, కండక్టరు వచ్చి ఈయన్ని ఎగాదిగా చూశాడు. క్షౌరం చేయించుకుంటుండగా క్షురకుడు ఏదో చమత్కారంగా అంటే, మెడ చుట్టూ గుడ్డ ఉండగానే చెయ్యి బయటికి తీసి కాగితం పట్టుకుని, "ఆ మాట ఇంకోసారి చెప్పు" అన్నాడు. ఈయనేదో పన్నుల శాఖ మనిషని కొట్టంతా మూగపోయింది. ఎప్పుడూ మోగే రేడియో కూడా కట్టేశారు. ఆ వారం ఆయన మళ్లీ మౌనం మీద రాశాడు. ఎడిటరుగారు ఫోన్ చేసి, "మీ శైలి ఎక్కడికెళ్లిందండీ? పుట్టింటికేమైనా వెళ్లిందా?" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. బావకు మాత్రం గుచ్చుకుంది.

ఆఖరికి ఆయనకు తోచిన ఉపాయం నేరుగా క్లినిక్కుకే వెళ్లి కూర్చోవడం. పన్ను నొప్పి అని చెప్తే కూర్చోనిస్తారు, కూర్చుంటే మాటలు చెవిన పడతాయి. నేనూ వెంట వెళ్లాను, ఈ వేడుక వదులుకోబుద్ధి కాలేదు.

అక్క ఆయన్ని ఎప్పుడూ చూడనట్టే చూసింది. "వయసు?" అంది.

"నీకు తెలీదా?"

"తెలిసినవాళ్లయినా చెప్పాలండీ. నొప్పి ఎవరికి?"

బావ తలదించుకుని, "నాకే" అన్నాడు.

లోపలికి పిలుపు వచ్చింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, మంచి సమయానికి వచ్చారు, వెనక పన్ను లోపల్నుంచి పుచ్చిపోయింది, ఇవాళే తీసేయాలి అంది. నొప్పి లేదండీ అని బావ నిజం చెప్పబోయాడు. నోట్లో అప్పటికే రెండు పనిముట్లు ఉన్నాయి. లోపల్నుంచి మాకు "ఆ" అన్న ఒక్క అచ్చు మాత్రమే వినిపించింది.

బయటికొచ్చేసరికి బుగ్గ బూరెలా ఉంది, నోట్లో దూది, నాలుక మొద్దుబారి ఎటు పడితే అటు పోతోంది. బల్ల మీద కూలబడ్డాడు. పక్కన ఎవరున్నారో అప్పుడు చూసుకున్నాడు. హెడ్మాస్టరుగారు. పళ్లు తీసుకెళ్లమని డాక్టరమ్మే ఆయనకు కబురు పెట్టింది. ఇంకా పొట్లంలోనే ఉన్నాయి, పెట్టుకోలేదు.

బావ ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "అంఆ ఆ అప్పు" అన్నాడు. అంతా నా తప్పు అని ఉద్దేశం. దంత్యం ఒక్కటీ పలకలేదు.

"ఏంటి ఆయఆ?" అన్నాడు పెద్దాయన.

"అప్పు అండీ, అప్పు."

"అప్పా? ఎవలికి?"

ఇద్దరూ కాసేపు ఇలా సంభాషించుకున్నారు. క్లినిక్కులో ఎవరూ నవ్వలేదు, అందరూ ఎవరి దవడలు వాళ్లు పట్టుకుని ఉన్నారు. లాభం లేదని బావ జేబులోంచి పెన్ను, ఒక కాగితం తీసి ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. నేను భుజం మీంచి తొంగి చూశాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషికి నిజంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చిన మా బావ కలం నుంచి జాలువారిన వాక్యం ఇది: "నా రచన వలన తమరికి కలిగిన అసౌకర్యమునకు మిక్కిలి చింతిస్తున్నాము."

హెడ్మాస్టరు ఆ కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. తరవాత తీరిగ్గా పొట్లం విప్పి, పళ్లు పెట్టుకుని, రెండు సార్లు పటపటలాడించి సరిచూసుకున్నాడు.

"చింతిస్తున్నాము ఏంటి బాబూ? ఎంతమంది మీరు?" అన్నాడు. ప్రతి అక్షరం ఖణీమని మోగింది.

బావ కాగితం వెనక్కి తీసుకున్నాడు. "ము" కొట్టేశాడు. తరవాత మొత్తం కొట్టేశాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కాగితం మీద ఇంకేమీ రాలేదు. కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. మత్తు దిగుతోందేమో అనుకున్నాను. మత్తు కాదు. కౌంటర్ అవతల అక్క ఫోన్ మోగుతున్నా ఎత్తకుండా ఈయన్నే చూస్తోంది.

ఆ సాయంత్రమే ముగ్గురం హెడ్మాస్టరుగారి తమ్ముడి ఇంటికి వెళ్లాం. ఆయన కూడా పెద్దవాడే, వరండాలో కుర్చీ వేసుకుని గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. అక్క తనే ఒక స్టూలు లాక్కుని ఆయన ముందు కూర్చుంది.

"బాబాయిగారూ, పేపర్లో మీరు చదివింది సగం. మిగతా సగం మా ఆయన కోసేశారు. అది నేను చెప్తాను వినండి" అని మొదలుపెట్టింది. దద్దమ్మ దగ్గర్నుంచి మళ్లీ చెప్పింది, గొంతు మార్చి, చిగుళ్లతో మాట్లాడి. ఆయన మొహం గంటు పెట్టుకునే విన్నాడు. "మిగతావాళ్లతో మాట్లాడ్డానికి చిగుళ్లు చాలమ్మా, ఈ పళ్లు వాడొక్కడి కోసమే" అన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. జోడు శుభ్రంగానే ఉంది.

"ఈ ముక్క ఎందుకు రాయలేదు?" అన్నాడు బావతో.

బావ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని నేల చూశాడు. ఆయనకు మాట్లాడటం కుదరని రోజు కావడం ఆయన అదృష్టం. లేకపోతే కళ గురించి ఏదో ఒకటి చెప్పేవాడు.

మర్నాడు సాయంత్రం తమ్ముడు అన్నగారింటికి వెళ్లాడని, వీధి చివరిదాకా దద్దమ్మ అన్న మాట స్పష్టంగా వినపడిందని క్లినిక్కులో ఎవరో చెప్పుకున్నారు.

వాపు తగ్గాక బావ టైర్ల కొట్టు మెట్లెక్కి ఎడిటరుగారికి ఉన్నమాట చెప్పేశాడు. రాసింది నేను, మాటలు మా ఆవిడవి అని. ఎడిటరుగారు ఆశ్చర్యపోలేదు. "తెలుసండీ. మీ శైలి ఉన్నట్టుండి మారితే, ఇంట్లో ఎవరో ఉన్నారని అనుకున్నా. అయితే ఇకమీదట ఆవిడనే రాయమనండి" అన్నాడు. ఆయనకు పేజీ నిండటం ముఖ్యం.

అక్క సరేనంది. ఆదివారం బావ బల్ల ముందు కూర్చుంది. టేబుల్ లైటు వేసుకుంది. ఈసారి గుమ్మంలో పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడింది బావ. మిక్సీ ప్లగ్గు తనే పీకేశాడు. మేమిద్దరం వంటింట్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. ఎట్టకేలకు అక్క కాగితం పట్టుకుని వచ్చి చదివింది:

"అనుదిన జీవనమనే మహాసాగరంలో దంతవైద్యశాల ఒక చిరునౌక వంటిది. అందు పయనించు బాధాతప్త హృదయులెందరో."

నేను నవ్వు ఆపుకోలేక కుళాయి తిప్పాను. బావ మాత్రం నిజాయితీగా, "అద్భుతంగా ఉంది. ఈ ఎత్తు నేనెప్పుడూ అందుకోలేదు" అన్నాడు.

అక్క ఆ కాగితం వంక, బావ వంక మార్చి మార్చి చూసింది. "చదువుతుంటే నాకే పన్ను లాగుతోంది" అంది. "పెన్ను పట్టుకోగానే ఎవరో వచ్చి నా మెడ నిటారుగా పెట్టేశార్రా. నోటికొచ్చింది చేతికి రాలేదు. బళ్లో వ్యాసం రాయమంటే ఇలాగే రాశాం. ఆ మాస్టారే ఇంకా వెనకాల నిలబడినట్టుంది." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అల్మైరా కాలు కింద దూర్చింది. అల్మైరా ఊగడం ఆగింది. రచన వల్ల ఆ ఇంటికి కలిగిన మొదటి ప్రయోజనం అదే.

తరవాత ఒక పద్ధతి కుదిరింది. ఎవరూ కూర్చుని కుదుర్చుకున్నది కాదు, తిట్టుకుంటూ తిట్టుకుంటూ కుదిరింది. క్లినిక్కు మాటలు పత్రికకెక్కవు. మిగతా లోకం గురించి అక్క చెప్తుంది, బావ రాస్తాడు, రాసింది ఆవిడకు చదివి వినిపిస్తాడు. ఆవిడ ఒప్పుకుంటే పోతుంది, లేకపోతే లేదు. కింద రెండు పేర్లు. ఎవరి పేరు ముందుండాలన్న దాని మీద వారం రోజులు మాటల్లేవు. ఆ వారం పత్రికలో ఎరువుల ప్రకటన వేసుకున్నారు. ఆఫీసులో బావ ఇప్పటికీ పాత వాక్యమే రాస్తాడు, జీతం దానికే ఇస్తున్నారు కాబట్టి. ఇంట్లో రాసేదానికి మాత్రం ఒక్కో మాటకూ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి, బట్టల మెషీను తిరుగుతోంది, ఆ రొదలోనే ఇద్దరూ బల్ల దగ్గర ఉన్నారు. పై వాటా ఆవిడ తన కొత్త కళ్లజోడు పెట్టుకుని మొగుణ్ణి మొదటిసారి సరిగ్గా చూసిన సంగతి ఆ వారం రచన. బావ గట్టిగా చదువుతున్నాడు: "ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, పర్లేదులే అంది."

"అలా కాదు" అంది అక్క. "చూసి, కాస్త ఆగి, పర్లేదులే అంది. నేను ఆగి చెప్పాను. ఆ ఆగడం ఏదీ?"

"ఆగడాన్ని ఎలా రాస్తారే?"

"నాకేం తెలుసు? రచయిత మీరు."

బావ ఆలోచించాడు. "చూసి" తరవాత మూడు చుక్కలు పెట్టి మళ్లీ చదివాడు. చదువుతూ తనూ ఆగాడు.

"అంతసేపు కాదు" అంది అక్క.

ఒక చుక్క కొట్టేశాడు. మళ్లీ చదివాడు. అక్క కళ్లు మూసుకుని వింటోంది. ఇంకా ఏమీ అనలేదు. నేను నా కంచం నేనే పెట్టుకున్నాను.